అప్పు లేని సుఖం



మొన్న పున్నమి నాడు విహారంలో వందన నడుస్తుండగా ఒకాయన ఫోను మోగింది. నంబరు చూసుకోగానే ఆయన మొహం మారిపోయింది. లేచి బయటికి వెళ్లి, ప్రసంగం అయిపోయేదాకా వేపచెట్టు కిందే ఉండిపోయాడు. తర్వాత నేను వెళ్లి అడిగితే "ఏం లేదన్నా, ఫైనాన్సు వాళ్లు" అన్నాడు, ఎవరికీ వినపడకుండా. పక్కనే చెప్పులు వేసుకుంటున్న ఇద్దరు మాత్రం విన్నారు. విని తల దించుకున్నారు. వాళ్లకీ ఆ ఫోన్లు వస్తున్నాయని నాకు తెలుసు.

అందుకని ఈ నెల పాఠం అప్పు గురించి. ధమ్మ పాఠంలో సిబిల్ స్కోరు ఏమిటని కొందరు పెద్దలు అనొచ్చు. ముందు సుత్తం చదువుదాం, తర్వాత అనమనండి.

అంగుత్తర నికాయం ఆరవ నిపాతంలో ఇణ సుత్తం ఉంది. పాళీలో ఇణ అంటే రుణం. అందులో బుద్ధుడు భిక్ఖువులను ఒక్కొక్క మెట్టే అడుగుతూ పోతాడు. సంసారికి పేదరికం దుఃఖమేనా? పేదవాడు అప్పు చేస్తే అది దుఃఖమేనా? వడ్డీకి ఒప్పుకోవాల్సి వస్తే? గడువుకి వడ్డీ కట్టలేక, అప్పిచ్చినవాళ్లు వచ్చి అడుగుతుంటే? అడిగినా ఇవ్వలేక, వాళ్లు వెంటపడి తిరుగుతుంటే? చివరికి పట్టి బంధిస్తే? ప్రతి మెట్టు దగ్గరా భిక్ఖువులు అవును, దుఃఖమే అంటారు. ఈ ఆరు మెట్లనీ మన పేటలో ఎవరిని అడిగినా చెబుతారు. కాల్ సెంటర్ ఫోను నాలుగో మెట్టు. ఇంటి ముందు బండి ఆపుకుని కూర్చునే రికవరీ ఏజెంటు అయిదోది. చెక్ బౌన్స్ కేసు ఆరోది.

సుత్తం అక్కడితో ఆగదు. తప్పు చేసి దాచుకునేవాణ్ణి బుద్ధుడు అప్పులవాడితో పోలుస్తాడు. చేసిన తప్పు అప్పు అయితే, అది ఎవరికీ తెలియకూడదని చేసే దాపరికం ఆ అప్పు మీద వడ్డీ అంటాడు. ఈ పోలిక దగ్గర కాసేపు ఆగండి. భార్యకి చెప్పకుండా చేసిన అప్పు, ఆ అప్పు తీర్చడానికి అన్నకి చెప్పకుండా చేసిన ఇంకో అప్పు, ఫోను ఎత్తకుండా తప్పించుకున్న మూడు నెలలు, ఆ మూడు నెలల్లో పడిన పెనాల్టీలు, ఇవన్నీ అక్షరాలా దాపరికానికి కట్టిన వడ్డీయే. మన ఇళ్లలో నేను చూసినంతవరకు అసలు కంటే ఈ వడ్డీయే ఎక్కువ.

గృహస్థుడి నాలుగు సుఖాల గురించి అనాథపిండికుడికి చెప్పినప్పుడు బుద్ధుడు మూడో సుఖంగా చెప్పింది అనణ సుఖం. కొంచెం గానీ ఎక్కువ గానీ ఎవరికీ బాకీ లేకపోవడంలో ఉండే సుఖం. సంఘంలో ఉపసంపద ఇచ్చేముందు అభ్యర్థిని అడిగే ప్రశ్నల్లో "నీకు అప్పులు లేవు కదా" అనేది ఒకటి. అప్పు ఎగ్గొట్టి కాషాయం కట్టుకోవడానికి ధమ్మంలో చోటు లేదన్నమాట. అయితే బుద్ధుడు అప్పునే పాపం అనలేదు. సామఞ్ఞఫల సుత్తంలో, అప్పు తెచ్చి వ్యాపారం పెట్టుకుని, అది బాగా నడిచి, బాకీ తీర్చి, మిగిలినదానితో పెళ్లాన్ని పోషించుకునే మనిషి సంతోషాన్ని ఉదాహరణగా చెబుతాడు. బాబాసాహెబ్ కూడా 1920లో చదువు పూర్తి చేయడానికి మళ్లీ లండన్ వెళ్లినప్పుడు సిడెన్‌హామ్ కాలేజీ జీతంలో దాచుకున్నది, కొల్హాపూర్ మహారాజు సాయం చాలక, మిత్రుడు నావల్ భథేనా దగ్గర అయిదు వేలు అప్పు తీసుకున్నారు. ఆ చదువులోంచే 1923లో 'ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రుపీ' పుస్తకం వచ్చింది. ఆ అప్పుని, డీజే కోసం మనం చేసే అప్పుని ఒకే గాట కట్టకూడదు.

తలరాత కాదు

"ఏ జన్మలో బాకీ పడ్డానో" అనే మాట మన నోటి నుంచి ఇంకా పోలేదు. దీక్ష తీసుకుని పదేళ్లయినవాళ్లు కూడా అంటారు. బ్రాహ్మణ శాస్త్రం ప్రకారం మనిషి పుట్టడమే దేవతలకీ రుషులకీ పితరులకీ బాకీపడి పుడతాడు. మనవాళ్లకి అది చాలదన్నట్టు తాత చేసిన అప్పుకి తండ్రి, తండ్రి చేసిన అప్పుకి కొడుకు దొర పొలంలో పాలేరుగా, జీతగాడిగా ఉండాల్సి వచ్చింది. అప్పు పుట్టుకతో వచ్చేలా చేసినవాళ్లు వీళ్లే, దాన్ని పూర్వజన్మ ఫలం అని చెప్పినవాళ్లూ వీళ్లే. పోయిన జన్మ కర్మ ఈ జన్మ బతుకుని నిర్ణయిస్తుందన్న సిద్ధాంతాన్ని బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో ఒప్పుకోలేదు. మనం దీక్ష తీసుకున్నది ఆ ధమ్మంలోకి.

చట్టం కూడా అటే నడిచింది. 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం వెట్టి అప్పులన్నిటినీ చెల్లనివి చేసింది. ఇవాళ కూడా ఇటుక బట్టీలోనో చేపల చెరువు దగ్గరో అడ్వాన్సు పేరుతో మనిషిని కదలనివ్వకపోతే అది నేరం, కలెక్టరుకి ఫిర్యాదు చేయొచ్చు. తండ్రి అప్పు తీర్చడం కొడుకు పవిత్ర బాధ్యత అనే పాత సూత్రాన్ని 2005 హిందూ వారసత్వ సవరణ చట్టం తీసేసింది. వారసత్వంలో బౌద్ధులమైన మనకీ ఆ చట్టమే వర్తిస్తుంది. ఆ తర్వాత చేసిన అప్పులకి, తండ్రి నుంచి ఆస్తి వస్తే ఆ ఆస్తి మేరకే కొడుకూ కూతురూ జవాబుదారీ. తండ్రి పోయిన పదకొండో రోజున వచ్చి కొడుకు చేత కొత్త నోటు రాయించుకునేవాళ్లు ఉన్నారు. ఆ సంతకం పెట్టకండి. పెడితే అది మీ అప్పు అయిపోతుంది.

మరి కట్టకపోతే పంచశీల తప్పినట్టా అని ఒక చెల్లి అడిగింది. ఉండీ ఎగ్గొడితే రెండో శీలం తప్పినట్టే. లేక కట్టలేకపోతే కాదు. కానీ ఫోనులో "ఊళ్లో లేను" అని ఇంట్లోంచే చెప్పడం మాత్రం నాలుగో శీలం సంగతి. కట్టలేని నెలలో కంపెనీకి మనమే ముందు చెప్పి, కిస్తీ తగ్గించి గడువు పెంచమని కాగితం మీద రాసి ఇచ్చి, రసీదు తీసుకోవాలి. ఒప్పుకుంటారా లేదా వేరే సంగతి. అడగనివాళ్లకి ఎలాగూ దొరకదు.

నోటు పుస్తకం తీయండి

వంద పేజీల పుస్తకం చాలు. ఎవరికి ఎంత, వడ్డీ ఎంత, నెలకి ఎంత పోతోంది, ఎన్ని నెలలు బకాయి. చేబదులు కూడా రాయండి. ఇంట్లో ఇద్దరూ కలిసి కూర్చుని రాయాలి, ఇది ముఖ్యం.

ఉదాహరణకి ఒక కుటుంబం అనుకుందాం. ఆయన తాపీ మేస్త్రీ, ఆమె స్కూల్లో ఆయా. ఇద్దరిదీ కలిపి నెలకి సుమారు 27,000. బాకీలు ఇవి: ప్రామిసరీ నోటు మీద లక్ష, మూడు రూపాయల వడ్డీ, అంటే నెలకి 3,000. రోజువారీ ఫైనాన్సుకి రోజుకి వంద, నెలకి 3,000. రెండు మైక్రోఫైనాన్స్ కిస్తీలు కలిపి 4,300. బ్యాంకులో కుదువపెట్టిన బంగారం మీద 50,000, నెలకి 420 దాకా వడ్డీ. బండి కిస్తీ 2,900, మూడు నెలలుగా కట్టలేదు. మొత్తం నెలకి 13,620. వచ్చేదాంట్లో సగం దాటిపోయింది. రిజర్వు బ్యాంకు 2022 నిబంధనల ప్రకారం మైక్రోఫైనాన్స్ అప్పు ఇచ్చేముందు కుటుంబం కట్టే కిస్తీలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం మించకూడదు. అది చూసుకోవాల్సింది ఇచ్చేవాడు. చూడకుండా ఇస్తున్నారంటే మన మీద ప్రేమతో కాదు.

ఇప్పుడు ఇందులో ఏది ముందు? చాలామంది గట్టిగా అరిచేవాడిది ముందు కడతారు. అరుపుని కాదు, వడ్డీని చూడాలి.

రోజువారీ ఫైనాన్సు సంగతి చూడండి. పదివేలని చెప్పి చేతికి 8,500 ఇస్తాడు. రోజుకి వంద చొప్పున వంద రోజులు కడితే పదివేలు. "వడ్డీ పదిహేను వందలే కదా" అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి ఇస్తున్నాం కాబట్టి ఆ 8,500 మన దగ్గర వంద రోజులూ ఉండదు. లెక్క కడితే అది దాదాపు నూటికి పది రూపాయల వడ్డీ. ఏడాదికి నూట ఇరవై శాతం. మన ముసలివాళ్లు న్యాయమైన వడ్డీని ధర్మవడ్డీ అనేవారు. ఇందులో ఏ ధర్మమూ లేదు, ఏ ధమ్మమూ లేదు. క్రెడిట్ కార్డులో కనీస మొత్తం మాత్రమే కడుతూ పోయేవాళ్లు మూడు, మూడున్నర రూపాయల వడ్డీ కడుతున్నారని కూడా గుర్తుంచుకోండి. అది బ్యాంకు పేరుతో ఉంటుంది కాబట్టి గౌరవంగా కనిపిస్తుంది, అంతే తేడా.

నోటు సంగతి. నెలకి 3,000 కడుతూ పదేళ్లు గడిచినా లక్ష లక్షగానే ఉంటుంది. అదే లక్ష పొదుపు సంఘం ద్వారా రూపాయి వడ్డీకి దొరికితే, నెలకి సుమారు 3,320 చొప్పున మూడేళ్లలో అసలూ వడ్డీ రెండూ తీరిపోతాయి. తేడా 320 రూపాయలు. ఆ 320 రూపాయలు దొరక్క కాదు, ఎవరూ కూర్చుని లెక్క చెప్పక మనవాళ్లు ఏళ్లకేళ్లు వడ్డీలు కడుతున్నారు. సంఘం అప్పు దొరకకపోతే, ఇంట్లో ఇంకా బంగారం మిగిలి ఉంటే, బ్యాంకులో పెట్టి నోటు తీర్చేయడం మేలు. కానీ ఇలా మార్చేటప్పుడు ఒక్క షరతు. పాత అప్పు తీరి, నోటు చేతికి వచ్చాకే ఆ రోజు ముగిసినట్టు. అసలులో ఎంత కట్టినా నోటు వెనక చెల్లు రాయించుకోండి. చివరి పైసా కట్టిన రోజు నోటు వెనక్కి తీసుకోండి. ఖాళీ నోటు మీద, ఖాళీ చెక్కు మీద సంతకం ఎవరికీ ఇవ్వకండి, సొంత బావమరిది అయినా.

రోజువారీ ఫైనాన్సు ఇంకో నలభై రోజుల్లో తీరుతుందనుకోండి. తీరగానే "మళ్లీ ఇస్తాం" అంటాడు. అక్కడ వద్దు అనాలి. రోజుకి వంద తీయడం అలవాటైపోయింది కదా, అదే వందని డబ్బాలో వేయండి. మూడు నెలలకి తొమ్మిది వేలు. బండి బకాయి 8,700. పెనాల్టీ ఉంటే దానికి ఇంకో రెండు మూడు వారాలు.

స్కోరు కులం కాదు

బ్యాంకుకి వెళితే మేనేజరు కంప్యూటరు చూసి "మీ సిబిల్ బాలేదు" అంటాడు. ఆ మాట విని మనవాడు ఎప్పటినుంచో అలవాటైన బాధతో వెనక్కి వస్తాడు. గుడిలోంచి వెనక్కి వచ్చినట్టే. నేనూ ఒకసారి అలాగే వచ్చాను. కానీ ఈ రెండింటికీ పోలిక లేదు. కులం పుట్టుకని బట్టి వేసిన ముద్ర, ఏం చేసినా మారదు. స్కోరు మనం చేసినదాన్ని బట్టి వచ్చేది, చేస్తే మారుతుంది. పుట్టుక వల్ల కాదు, చేత వల్ల మనిషి హీనుడో ఉత్తముడో అవుతాడని వసల సుత్తంలో చెప్పిన బుద్ధుడి శిష్యులం ఈ తేడా గుర్తించాలి. కూలి డబ్బుతో, చేతి అప్పులతో బతికేవాడు ఎంత నిజాయితీగా తీర్చినా ఆ లెక్క ఏ కంప్యూటరులోకీ ఎక్కదన్న అన్యాయం ఇందులో లేకపోలేదు. ఆ పోరాటం వేరే చేయాలి. ఈలోపు ఉన్నదాన్ని అర్థం చేసుకుందాం.

సిబిల్ అనేది ఒక కంపెనీ పేరు. అలాంటివి దేశంలో నాలుగు ఉన్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. 2005లో వచ్చిన చట్టం కింద ఇవి పనిచేస్తాయి. బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు, మైక్రోఫైనాన్స్ వాళ్లు మన కిస్తీల వివరాలు వీటికి పంపుతారు. స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. 750 దాటితే బ్యాంకులు మంచిదంటాయి. ఇంత ఉంటేనే అప్పు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఎక్కడా గీత గీయలేదు, ఏ బ్యాంకు గీత ఆ బ్యాంకుదే. ఒకచోట కాదన్నారని అంతటా కాదన్నట్టు కాదు. కార్పొరేషన్ సబ్సిడీ రుణానికి కూడా బ్యాంకు అంగీకారం కావాలి, అక్కడా ఈ స్కోరు చూస్తారు. మన పిల్లల చదువు రుణానికి తల్లిదండ్రుల స్కోరు చూస్తారు. అందుకే ఇది పట్టించుకోవాల్సిన విషయం.

నా సంగతే చెబుతాను. 2017లో ఒక ప్రైవేటు ఫైనాన్సు కంపెనీలో, మాతో కలిసి ఉద్యమంలో తిరిగిన తమ్ముడు ఆటో కొనుక్కుంటే జామీను సంతకం పెట్టాను. చదివింది బీఏ, పెట్టింది పదకొండు సంతకాలు, ఒక్క కాగితం చదవలేదు. కరోనాలో ఆటో ఆగిపోయింది. తమ్ముడు కిస్తీలు ఆపేశాడు, సిగ్గుతో నాకు చెప్పలేదు. ఫోన్లు వస్తే అవి ఏవో అప్పులిస్తామనే ఫోన్లనుకుని నేను ఎత్తలేదు. 2022లో అమ్మాయి చదువు రుణానికి బ్యాంకుకి వెళితే నా స్కోరు 611. జామీను ఉన్నవాడి రిపోర్టులోనూ ఆ అప్పు ఉంటుందని అప్పుడే తెలిసింది. ఆ ఏడు పిల్ల సీటు వచ్చిన కాలేజీలో చేరలేదు. మరుసటి ఏడు వాళ్లమ్మ సంతకంతో రుణం తీసుకుని వేరే కాలేజీలో చేరింది. తమ్ముడి మీద కోపం చాలాకాలం ఉంది. ఒకరోజు ఇద్దరం కూర్చుని కాగితాలు ముందేసుకున్నాక తగ్గింది. మిగిలిన బాకీ నాలుగు విడతల్లో ఇద్దరం కలిసి కట్టి, నో డ్యూస్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాం. అయినా రిపోర్టులో ఆ అప్పు బకాయి ఉన్నట్టే చూపించింది. ఫిర్యాదు పెట్టి సరిచేయించుకోవాల్సి వచ్చింది. మళ్లీ 730 దాటడానికి ఇరవై నెలలు పట్టింది.

కాబట్టి మొదటి పని రిపోర్టు తీయడం. నాలుగు కంపెనీలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, వాటి వెబ్‌సైట్‌లోనే పాన్ నంబరుతో తీసుకోవచ్చు. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. పేరు, పాన్ సరిగ్గా ఉన్నాయా, మనం తీసుకోని అప్పు ఏమైనా ఉందా, తీర్చేసినది తీరినట్టు ఉందా చూడండి. గ్రూపు లోన్లలో ఒకరి ఆధార్ మీద ఇంకొకరు తీసుకున్నవి బయటపడటం కొత్త కాదు. తప్పు కనిపిస్తే ఆ వెబ్‌సైట్‌లోనే ఫిర్యాదు పెట్టాలి. ముప్పై రోజుల్లో తేల్చాలి. దాటితే రోజుకి వంద రూపాయల చొప్పున మనకి పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. మన దగ్గర రోజుకి వంద వసూలు చేసేవాళ్లే కాదు, మనకి రోజుకి వంద ఇవ్వాల్సినవాళ్లూ ఉన్నారు.

రిపోర్టులో నెలనెలా ఎన్ని రోజులు ఆలస్యమైందో గడులుగా ఉంటుంది. సిబిల్‌లో ముప్పై ఆరు నెలల గడులు కనిపిస్తాయి. కొత్త నెల చేరుతుంటే పాత నెల వెనక్కి జరుగుతుంది. అనిచ్చం అంటే ఏమిటో పిల్లలకి చెప్పడానికి ఇది పనికొస్తుంది. చెడు గడులు చెరిపేయడం ఎవరి వల్లా కాదు. "అయిదు వేలిస్తే నెలలో మీ స్కోరు పెంచుతాం" అని ఫోనులో వచ్చేవాడు అబద్ధం చెబుతున్నాడు. మంచి గడులు చేర్చుకుంటూ పోవడమే దారి.

ముందు బకాయి ఉన్నవి కట్టి దారిలో పెట్టాలి. పూర్తిగా మొండి బాకీ అయిపోయినదానికి కంపెనీ "సగం కట్టండి, వదిలేస్తాం" అంటుంది. చేతిలో డబ్బు లేనప్పుడు అది కూడా మంచిదే, పీకమీద కత్తి పోతుంది. కానీ రిపోర్టులో అది "క్లోజ్డ్" అని రాదు, "సెటిల్డ్" అని వస్తుంది. అంటే పూర్తిగా కట్టలేదని రాసినట్టు, తర్వాత ఏళ్లపాటు బ్యాంకులు దాన్ని చూసి వెనకాడతాయి. ఒప్పుకునేముందు ఈ తేడా తెలిసి ఒప్పుకోండి. కంపెనీ లెటరు చేతికి వచ్చాకే డబ్బు కట్టండి, ఏజెంటు చేతికి నగదు ఇవ్వకండి. ఇల్లు, స్థలం కాగితాలు పెట్టి తీసుకున్న అప్పయితే పూర్తిగా తీర్చిన ముప్పై రోజుల్లో అసలు కాగితాలు తిరిగి ఇవ్వాలి. వాళ్ల తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 ఇవ్వాలి.

తర్వాత చిన్న అప్పు ఒకటి తీసుకుని క్రమం తప్పకుండా కట్టి చూపించాలి. బ్యాంకులో పది పదిహేను వేలు డిపాజిట్ చేసి దాని మీద క్రెడిట్ కార్డు తీసుకోవచ్చు. పరిమితిలో మూడో వంతు దాటకుండా వాడి, బిల్లు మొత్తం గడువులోపు కట్టాలి. చేతిలో కార్డు ఉంటే ఆగలేనివాళ్లు ఆ జోలికి పోవద్దు. ఒకేసారి నాలుగు చోట్ల అప్పుకి దరఖాస్తు పెట్టకండి. ప్రతి దరఖాస్తూ రిపోర్టులో పడుతుంది, డబ్బుకి కటకటలాడుతున్నారని అర్థమవుతుంది.

ఇంటి మీదికి వస్తే

రికవరీ ఏజెంట్లు ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఫోను చేయకూడదు. తిట్టకూడదు, బెదిరించకూడదు, చుట్టాలకీ పక్కింటివాళ్లకీ చెప్పి పరువు తీయకూడదు. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, డబ్బు ఖర్చు కాదు, 14448 నంబరుకి ఫోను చేస్తే ఎలా చేయాలో చెబుతారు. నలుగురిలో కులం పేరుతో తిడితే అది వేరే నేరం, 1989 అట్రాసిటీ చట్టం కిందికి వస్తుంది. బౌద్ధం తీసుకున్నాం కాబట్టి ఆ చట్టం మనకి లేదని కొందరు భయపెడతారు. 1990 సవరణతో బౌద్ధులైన ఎస్సీలకి ఎస్సీ హోదా ఉంది, చట్టమూ ఉంది.

లోన్ యాప్‌ల వాళ్లు ఫోనులోని నంబర్లు, ఫొటోలు లాక్కుని బెదిరిస్తారు. అలా లాక్కోవడమే నిబంధనలకి విరుద్ధం. వెంటనే 1930కి ఫోను చేసి, పోలీసు స్టేషనుకి వెళ్లండి. ఒక్కరే వెళ్లకండి, విహారం నుంచి ఇద్దరం వస్తాం. 2010లో మన ఉమ్మడి రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్ కిస్తీల వేధింపులకి ఎంతమంది అక్కలు ప్రాణాలు తీసుకున్నారో, ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చేదాకా వచ్చిందో మీకు గుర్తుంది. అప్పుకి ప్రాణం వడ్డీ కాదు. రాత్రిపూట అలాంటి ఆలోచన వస్తే 14416 టెలీ మానస్ నంబరుకి ఫోను చేయండి, తెలుగులో మాట్లాడతారు. నాకు చేసినా సరే, ఎన్ని గంటలకైనా.

ఎక్కడ కారుతోంది

వ్యగ్ఘపజ్జ సుత్తంలో కోలియుడైన దీఘజాణు, "మేం పెళ్లాం పిల్లలతో ఉండేవాళ్లం, మాకు పనికొచ్చేది చెప్పండి" అని అడుగుతాడు. రాబడి ఎంత, పోబడి ఎంత అని తక్కెడ పట్టినవాడిలా చూసుకుని బతకమంటాడు బుద్ధుడు. చెరువుకి నీళ్లు వచ్చే కాలువలు మూసేసి, పోయే తూములు తెరిస్తే ఏమవుతుందో చెబుతాడు. తాగుడు, జూదం, చెడు స్నేహం ఆ తూముల్లో ఉన్నాయి. బెట్టింగ్ యాప్ కూడా జూదమే. 2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది, అయినా దొంగదారులు ఉన్నాయి, మన కుర్రాళ్ల ఫోన్లు చూడండి.

కానీ మన చెరువులో పెద్ద తూము వేడుకలు. తిరుపతి మొక్కులు మానేశాం, ఓణీల ఫంక్షన్ మానలేదు. బౌద్ధ వివాహానికి తెల్లబట్టలు, త్రిశరణం, పంచశీల, అయినవాళ్ల ముందు మాట చాలు. దాని వెనకే మూడు లక్షల భోజనాలు, డీజే పెడితే పంతులు ఒక్కడే తగ్గాడు, అప్పు తగ్గలేదు. ఇక ఏప్రిల్ 14 ఫ్లెక్సీల కోసం కమిటీ కుర్రాళ్లు వడ్డీకి తెస్తున్నారని విన్నాను. రూపాయి మీద పరిశోధన చేసిన మనిషి జయంతికి మూడు రూపాయల వడ్డీ!

రెండో తూము ఆసుపత్రి. అది మన తప్పు కాదు, కానీ ముందే కాస్త కట్ట వేసుకోవచ్చు. ప్రతి వయోజనుడికీ జీవిత బీమా తప్పనిసరి కావాలని బాబాసాహెబ్ 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో రాశారు. ప్రమాద బీమా ఏడాదికి 20 రూపాయలు, జీవిత బీమా 436 రూపాయలు, రెండూ బ్యాంకు ఖాతా నుంచే కట్ అవుతాయి. ఆరోగ్యశ్రీ కార్డులో ఇంట్లో అందరి పేర్లూ ఉన్నాయో లేదో ఈ వారంలోనే చూసుకోండి.

వచ్చే పున్నమి నుంచి వందన అయ్యాక ఒక గంట ఇందుకోసం కూర్చుంటాం. బ్యాంకులో పనిచేసి రిటైరైన ఉపాసకులొకరు వస్తామన్నారు. ఎవరి కాగితాలు వాళ్లు తెచ్చుకోండి. అక్కడ విన్నది బయట మాట్లాడకూడదన్నది అందరం పెట్టుకున్న నియమం. ఫోనులో రిపోర్టు తీయడం రానివాళ్లకి పిల్లలు తీసిపెడతారు.

వేపచెట్టు కింద కూర్చున్న ఆ అన్న మొన్న ఆదివారం మా ఇంటికి వచ్చాడు, ఇది రాయమన్నదీ ఆయనే. బియ్యం సంచిలో చుట్టి తెచ్చిన కాగితాలు నేల మీద పరిచాం. ఏడు అప్పులు తేలాయి. వదినకి మూడే తెలుసట. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పెన్ను ఇటివ్వమని తీసుకుని, ఎనిమిదోది తనే రాసింది.